తెగినచోట కలిసిన దారి

నది ఒడ్డున సైకిళ్ళు అద్దెకిచ్చే ఆ చిన్న కొట్టులో అక్కది లెక్క, తమ్ముడిది మరమ్మతు. ఎవరైనా సైకిలెక్కితే చాలు, వాళ్ళ పిక్కలు చూసి ఎప్పటికి తిరిగొస్తారో అక్క నోటిలెక్కతో చెప్పేసేది. చాలాసార్లు తప్పేది కాదు.

ఒడ్డు వెంట సైకిళ్ళకని వేసిన దారి చక్కగానే ఉంటుంది గానీ, మధ్యలో తెగిపోయింది. మూతపడిన రంగుల ఫ్యాక్టరీ గోడ నీళ్ళలోకి దిగి, దారికి అడ్డంగా నిలబడింది. గోడ అవతల మళ్ళీ దారే. ఆ ముక్క అందుకోవాలంటే పైన బజారులోకెక్కి, లారీల మధ్య బిక్కుబిక్కుమంటూ చుట్టి రావాలి. ఆ ఖాళీ పూడ్చమని అక్క ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగదీసింది. ఎవరూ పట్టించుకోలేదు.

అలాంటిది, ఆ వారం జనం తొందరగా తిరిగి రావడం మొదలుపెట్టారు.

మొదట ఒక కొత్తజంట. నవ్వుకుంటూ వెళ్ళారు. అక్క వేసిన లెక్కలో సగం సేపటికే వచ్చేశారు.

"దారి కలిపేశారుగా! ఎంత నున్నగా ఉందో," అంటూ అతను తన సైకిలు తాళం ఇచ్చి వెళ్ళబోయాడు.

"మీ ఆవిడ సైకిలు తాళం?"

అతను వెనక్కి చూశాడు. "ఆవిడా? ఎవరో నాకేం తెలుసండీ."

ఆమె కూడా బస్సుకోసం నిలబడ్డ మనిషిలా ఎటో చూస్తోంది. తాళం బల్లమీద పెట్టి, అతను వెళ్ళిన వైపు కాకుండా ఇంకోవైపు నడిచిపోయింది.

"పోట్లాడుకుని ఉంటారులే," అన్నాడు తమ్ముడు.

"పోట్లాడుకున్నవాళ్ళు ఓరకంటైనా చూసుకుంటార్రా. వీళ్ళకి ఆ కోపం కూడా లేదు."

తర్వాత ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. వెళ్ళేటప్పుడు చిన్నవాడి సీటు తానే సరిచేసి, "పడ్డావంటే మోసుకురాను" అని పెద్దవాడు ఏడిపించాడు. తిరిగొచ్చాక చిన్నవాడు అతనితో, "సార్, కాస్త జరుగుతారా?" అన్నాడు. పెద్దవాడూ మర్యాదగా జరిగాడు.

అక్క తాళాలు లెక్కపెడుతూ ఆగిపోయింది. ఎవరో కావాలని ఆటాడుతున్నారా? ఈ తుంటరి పనిలో తమ్ముడి చెయ్యి ఉందా? ఒకసారి వాణ్ణి కూడా అనుమానంగా చూసింది.

"నన్నేం చూస్తావే? సాయంత్రం నేనే వెళ్ళి చూసొస్తా," అన్నాడు వాడు.

"వద్దురా."

"జంటగా వెళ్ళినవాళ్ళకే కదా ఆ తెగులు. నేను ఒంటరిగా పోతా. మర్చిపోవడానికి నాకెవరున్నారు, నువ్వు తప్ప?"

"ఆ 'తప్ప' దగ్గరే నా భయం."

నవ్వి ఊరుకున్నాడు. కానీ పొద్దువాలే వేళకి ఆమె షట్టర్ దించి చూస్తే వాడూ లేడు, వాడి సైకిలూ లేదు. ఇంకో సైకిలెక్కి, తొక్కుతూనే ఫోన్ చేసింది.

"అక్కా… దారి ఉందే!"

"గోడో?"

"గోడ లేదు. నిజం."

ఆమె వచ్చేసరికి గోడ ఉంది. అరచెయ్యి ఆనించింది. చల్లగా, చెమ్మగా… రాతిగోడే. అవతల వాడి సైకిలు గంట మోగింది. కొంచెం దూరంగా. ఇంకాస్త దూరంగా.

"రేయ్, వెనక్కి వచ్చెయ్!"

ఫోన్లో గాలి చప్పుడు. తర్వాత వాడి గొంతు, ఎంతో మర్యాదగా…

"హలో… ఎవరండీ మాట్లాడేది?"

ఆమె ఫోన్ వైపు చూసింది. తలెత్తేసరికి ఎదురుగా గోడ లేదు. నున్నటి దారి ఉంది.

వెళ్ళింది.

లోపల నది చప్పుడు ఆగిపోయింది. పచ్చి సిమెంటు వాసన, దానికింద చాలాకాలం మూసిన పెట్టెలో బట్టల వాసన. దీపాలు లేవు, అయినా దారి కనిపిస్తోంది. చక్రం తిరుగుతోంది గానీ చప్పుడు లేదు. అప్పుడు వినిపించాయి… నీళ్ళవైపు నుంచి, సన్నగా, గుసగుసగా.

"ఏమండీ…"

"అన్నయ్యా…"

"ఒరేయ్ చిన్నోడా…"

పిలుపులు. పిలిచే మనుషులు లేరు. పలికేవాళ్ళూ లేరు. ఉత్త పిలుపులే అక్కడ ఆగిపోయి, మళ్ళీ మళ్ళీ…

ఆమె పళ్ళు బిగించి తొక్కింది.

దారి మధ్యలో తమ్ముడు సైకిలు పక్కన పెట్టి, వంగి చైను ఎక్కిస్తున్నాడు. ఆమె దిగి వాడి భుజం పట్టుకుంది. వాడు తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరండీ మీరు?"

ఆమె భుజం వదిలేసింది. వాడి పెదవులు వణికాయి… ఆగలేక పకపకా నవ్వేశాడు.

"నీ మొహం చూసుకోవాలే అక్కా!"

వీపుమీద ఒక్కటిచ్చింది. ఏడుస్తూ ఇంకోటిచ్చింది. "ఫోన్లో కూడా ఇదే వేషమా?"

"లేదే, సిగ్నల్ లేక నీ గొంతు తెలియలేదు. ఒట్టు."

దారి అవతలి కొసకి వచ్చాక కూడా ఆమెకి నమ్మకం కుదరలేదు. బజారుమీదుగా ఇంటికి వెళ్తున్నంతసేపూ అడుగుతూనే ఉంది. చిన్నప్పుడు నీ చెయ్యి ఎలా విరిగింది? నువ్వే తోశావుగా. నేను దేనికి భయపడతాను? బల్లికి. నీ ముద్దుపేరు? అది రోడ్డుమీద చెప్పను. అన్నీ సరిపోయాయి. వాడూ ఆమెని ఎదురు ప్రశ్నలడిగాడు. ఒక్కటీ తప్పలేదు. ఏమీ పోలేదు. ఇద్దరూ గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఇంటి కిటికీలో లైటు వెలుగుతోంది.

"లైటు ఆర్పలేదా?" అంది.

"పొద్దున చివర బయటికొచ్చింది నువ్వేగా."

తాళంచెవి తీసేలోపు తలుపు లోపలినుంచి తెరుచుకుంది. ఆరేడేళ్ళ పిల్ల. ఎప్పుడూ చూసిన మొహం కాదు. తలకి ఒకవైపే జడ ఉంది, రెండోవైపు జుట్టు విరబోసుకుని ఉంది. చేతిలో రిబ్బను.

"ఇంతసేపా అమ్మా? రెండో జడ వచ్చి వేస్తానన్నావుగా."

తమ్ముడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "అక్కా…" గొంతు తగ్గించాడు. "ఎవరే… ఈ పిల్ల?"

ఆమెకి తెలియదు. ఎంత తవ్వుకున్నా తెలియదు. ఈ ఇంట్లో ఎప్పుడూ తామిద్దరే. అరవాలనుకుంది, తలుపు మూసేయాలనుకుంది.

పిల్ల అలవాటుగా వెనక్కి తిరిగి నిలబడింది.

ఆమె వేళ్ళు మాత్రం అప్పటికే ఆ జుట్టుని మూడు పాయలుగా విడదీస్తున్నాయి.