మిరప టిక్కీల మీద దూలం

సత్తెనపల్లి అవతల, మా మేనత్త వాళ్ల ఊళ్లో ఒక వంటగది గోడకి చెడ్డపేరు ఉండేది. దీపాలు పెట్టాక ఆ ఇంటి సందులోకి మగాళ్లు కూడా వెళ్లేవాళ్లు కాదట. పగలు మాత్రం అందరూ మహా ధైర్యవంతులే!

మేనత్త చెప్పిన మాట ఇది. ఆ ఇంటి పెద్దావిడ వెంకటరావమ్మ ఓ రాత్రి పొయ్యి దగ్గర పడిపోయి ప్రాణం విడిచింది. కోడలు కోటిరత్నం ముందుగదిలోనే ఉంది. మధ్యన మూరెడు మందం మట్టిగోడ... ముసలావిడ "అమ్మాయ్, అమ్మాయ్" అని ఎంత పిలిచిందో ఏమో, కోడలికి ఒక్క పిలుపూ వినపడలేదు.

అప్పట్నుంచి చీకటి పడితే ఆ గోడలోంచి మూలుగు వస్తుందని ఊరంతా చెప్పుకునేవాళ్లు.

కోటిరత్నం భర్త ఆదెయ్యకి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పని. ఆదివారాలు మాత్రం వచ్చేవాడు. మిగతా రోజులు ఆమె ఒక్కతే. దెయ్యం కన్నా ఆమెకి వేరే భయం — తనూ ఆ గోడ వెనక పడిపోతే...? పాపం, అంత ఒంటరితనం పగవాళ్లకి కూడా వద్దు.

ఎనభై నాలుగులో, ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చాక, మేస్త్రీ సిలార్‌ని పిలిపించింది.

"ఈ గోడ తీసెయ్ సిలారూ. పొయ్యి దగ్గర నిలబడితే వీధి కనపడాల."

"దూలం దీని మీదే ఉందమ్మా. సత్తెనపల్లి నుంచి ఇనప గర్డరు తెచ్చిందాకా ఆగండి."

ఆమె ఆగలేదు. ధర కోసం ఇంట్లో ఉంచిన మిరప టిక్కీలు చూపించింది. బాగా తొక్కి కుట్టిన బస్తాలు, రాళ్లలా ఉన్నాయి. సిలార్ వాటినే దూలం కిందకి పేర్చి గోడ తీసేశాడు. కాయ విరగకుండా నీళ్లు చల్లి తొక్కుతారని, తడి ఆరేకొద్దీ బస్తా కుంగుతుందని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఆ పూట మాత్రం ఇద్దరికీ తట్టలేదు!

ఆ రాత్రి ఆమె వీధి కనపడేలా మంచం గోడ తీసిన చోటే, టిక్కీల పక్కన వేసుకుంది. చాలా రోజులకి కంటినిండా నిద్ర పట్టింది.

"అమ్మాయ్..."

పెరట్లోంచి... మెల్లగా.

"అమ్మాయ్... ఒకసారి బయటికి రా..."

పక్కింటి సర్దార్‌బీ అనుకుంది. ఎవరో ఒకరు తనని పిలిచారు — ఆ సంతోషంలో లాంతరు కూడా తీసుకోకుండా లేచి వెళ్లింది.

పెరట్లో ఎవరూ లేరు. సర్దార్‌బీ తలుపుకి తాళం.

వెనక్కి తిరిగింది... లోపల టిక్కీలు ఒరిగాయి. దూలం జారింది. మిద్దె మొత్తం ఆ మంచం మీద కూలింది!

మిరప ఘాటుకి వీధి వీధంతా దగ్గుతూ లేచింది. "నన్ను పిలిచిందెవరు?" అని ఆమె అడగని మనిషి లేడు. ఎవరూ పిలవలేదు.

తెల్లారి ఆదెయ్య కబురందుకుని వచ్చి ఆ మట్టికుప్ప చూశాడు. "పద రత్నం, దాచేపల్లిలో గది తీసుకుందాం" అన్నాడు. ఆ మాట కోసమే ఆమె ఇన్నేళ్లూ కాచుకుని ఉంది.

అయినా కోటిరత్నం కదల్లేదు.

"నే రానయ్యా... అత్త ఒక్కతే అయిపోద్ది" అంది.