కొలత తప్పిన గౌను

గౌను నర్సమ్మకు పట్టలేదు! భుజాల దగ్గర బిగుసుకుపోయి, చేతులెత్తడానికి కూడా లేక ఆ పిల్ల గది మధ్యలో నిలబడిపోయింది. కుట్టింది ఎవరనుకున్నారు? పదిహేనేళ్ళుగా రెండుసార్లు కొలవనిదే గుడ్డకు కత్తెర పెట్టని టైలరమ్మ! మంచం మీది అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని ముందు గౌనునూ, ఆ తర్వాత కాబోయే కోడలు టైలరమ్మనూ చూసింది. టైలరమ్మ గబగబా మెళ్ళోని టేపు సర్దుకుంది.

నిజానికి ఆవిడ అత్తయ్యా కాదు, ఈమె కాబోయే కోడలూ కాదు! రెండు నెలల కిందట, పక్క కొట్టులో గడియారాలు బాగుచేసే అతను వచ్చి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. "మా అమ్మ గుండె ఆపరేషన్ వద్దంటోందండీ. నాకో తోడు కుదిరితేనే ఆస్పత్రి గడప తొక్కుతానని మొండికేసింది. మనకి నిశ్చితార్థం అయిపోయిందని చెబుదాం. ఆవిడ కోలుకున్నాక మీ దారి మీది!" అన్నాడు. పాపమనిపించి టైలరమ్మ తలూపింది. ఆ తలూపడమే కొంప ముంచింది! రోజూ సాయంత్రం కొట్టు మూసి రావడం, అత్తయ్యకు తల దువ్వడం, అతను కలిపిన టీ తాగుతూ ముగ్గురూ పగలబడి నవ్వుకోవడం... ఎవరూ లేని ఆమెకు, ఇది నా ఇల్లు అనిపించింది ఇక్కడే కదా! ఆవిడ కోలుకున్న రోజున ఈ ఇల్లూ ఉండదు, అతనూ ఉండడు.

అంతలో, ఆపరేషనైన అత్తయ్యను చూసుకోవడానికని ఈ నర్సమ్మ దాపురించింది. వంటింట్లో అతనూ నర్సమ్మా గుసగుసలాడుకునేవారు. టైలరమ్మ లోపలికి అడుగుపెడితే చాలు, టక్కున ఆపేసేవారు! ఒళ్ళు మండిపోయేది. కానీ ఏమని అడుగుతుంది? ఏ హక్కుతో అడుగుతుంది? మొన్న అత్తయ్య నీలం గుడ్డ చేతికిచ్చి, నర్సమ్మకో గౌను కుట్టిపెట్టమంది. "ఆ రంగు ఆవిడకి బాగుంటుంది," అన్నాడు అతను. అంతే! ఆ గుడ్డ బల్ల మీద పరిచినప్పుడు కన్నీళ్ళకు ఏమీ కనబడలేదు. నర్సమ్మ కొలతల కాగితం పక్కనే ఉన్నా, చేతులు అలవాటు కొద్దీ తన కొలతలకే కత్తిరించేశాయి.

"అది నువ్వేసుకో, చూద్దాం," అంది అత్తయ్య టైలరమ్మతో.

"నాకెందుకులెండి అత్తయ్యా..."

"వేసుకోమన్నానా!"

వేసుకొచ్చింది. అతికినట్టు సరిపోయింది! గుమ్మంలో నిలబడ్డ అతను రెప్ప వేయడం మరిచిపోయాడు. ఇక ఆమె వల్ల కాలేదు.

"అవును అత్తయ్యా, అసూయే! కుళ్ళి చస్తున్నాను! కానీ నాకా హక్కు కూడా లేదు... నేను మీ కోడల్ని కాను. అంతా నాటకం! వాళ్ళిద్దరి మధ్య నేనెందుకు? వెళ్ళిపోతాను!"

నర్సమ్మ ఫక్కున నవ్వేసింది. "మా ఇద్దరి మధ్యా? భలేదానివక్కా! అమ్మగారు గుండ్రాయిలా ఉన్నారని డాక్టరు చెప్పి మూడు వారాలైంది. 'ఆ మాట బయటపెట్టకు తల్లీ, తెలిస్తే టైలరమ్మగారు వెళ్ళిపోతారు' అని రోజూ వంటింట్లో నా ప్రాణం తోడేస్తున్నాడీయన!"

"ఓరి సన్నాసీ! అందుకా నన్ను మంచం దిగనివ్వంది?" అని అత్తయ్య కొడుకు మీదికి దిండు విసిరింది.

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీ దారి మీదని నేనే అన్నాను కదండీ... మళ్ళీ ఉండిపొమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను?"

టైలరమ్మ భోరుమంది! అత్తయ్య ఆమెను దగ్గరికి లాక్కుని, ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. "ఇద్దరూ కలిసి నన్ను బతికించడానికి అబద్ధమాడారు. ఆ అబద్ధాన్ని నిజం చేయకపోతే ఊరుకోను, ఏమనుకున్నారో!" అంటూ తనూ కళ్ళు ఒత్తుకుంది.

"అంతా బాగుంది. మరి నా గౌనో?" అంది నర్సమ్మ.

టైలరమ్మ లేచి ముక్కు తుడుచుకుంది. "ఇంకోటి కుట్టిపెడతాను చెల్లీ, పూచీ నాది! కానీ కొలతలకి నువ్విక్కడికి రావద్దు. మా కొట్టుకి రా..." అని, పక్క కొట్టు ఎవరిదో గుర్తొచ్చి ఆగిపోయింది. "వద్దు వద్దు, అక్కడికీ రావద్దు... నేనే మీ ఇంటికొస్తాను!"