బుధవారం అక్క ఇచ్చిన హోంవర్క్

ఆ ఇంట్లో పొద్దున్నే అద్దం దగ్గర రోజూ ఒక యుద్ధం. కూతురికి జడలు వెయ్యాలి, భర్త చొక్కా ఇస్త్రీ చెయ్యాలి, తను ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆవేళ తల్లి రెండో జడ అల్లుతుండగా, పిల్ల అద్దంలోకి చూస్తూ ఉన్నట్టుండి గట్టిగా అంది.

"బండి ఆపండి! నేను ఇక్కడే దిగిపోతాను!"

తల్లి చేతిలో దువ్వెన జారిపోయింది. "ఏమిటే ఆ కేకలు? పక్కింటివాళ్ళు వింటే ఏమనుకుంటారు?"

"హోంవర్కమ్మా. బుధవారం అక్క ఇచ్చింది."

బడిలో ఆ ఏడాదే మొదలుపెట్టిన ఏర్పాటు అది. పెద్ద తరగతుల ఆడపిల్లల్ని చిన్న చిన్న జట్లు చేసి, జట్టుకొక అక్కని అప్పగించారు. వీళ్ళ అక్క బ్యాంకులో పనిచేస్తుంది. బుధవారం సాయంత్రం వచ్చి పిల్లలతో కబుర్లు చెబుతుంది, వాళ్ళ చేత చెప్పిస్తుంది. ఈసారి ఇచ్చిన పని చిత్రమైనది. ఎవరికి వాళ్ళు తమ నోరు దాటి రాని మాట ఒకటి ఎంచుకుని, పక్కగదిలోకి వినిపించేలా రోజూ ఇంట్లో అనాలి.

"మిగతావాళ్ళు ఏం ఎంచుకున్నారే?"

"ఒకమ్మాయి 'నాకింకాస్త కూర కావాలి' అని. ఇంకొకమ్మాయి 'నాకు లెక్కలు అర్థం కాలేదు' అని."

"బాగానే ఉంది. మరి నీకీ బస్సు ఆపే గోలేమిటి? నువ్వు రోజూ వెళ్ళేది కార్లోనాయె!"

పిల్ల అద్దంలో రిబ్బను కొసలు సరిచూసుకుంది.

తల్లి ఆస్పత్రిలో, రోగులకి డాక్టరు దగ్గర సమయం రాసిచ్చే కౌంటర్లో కూర్చుంటుంది. గొంతు తగ్గించి నవ్వుతూ మాట్లాడటమే ఆమె ఉద్యోగం. నిప్పులు చెరుగుతూ వచ్చినవాడైనా ఆమె ముందు మెత్తబడి కుర్చీ వెతుక్కోవలసిందే. ఆ విద్య కూతురికి నేర్పడానికి ఇంతకన్నా మంచి తరుణం దొరకదనుకుంది.

"అలా కాదే పిచ్చిదానా. కాస్త నవ్వు. గొంతు తగ్గించి 'కొంచెం పక్కకి ఆపుతారా' అని అడుగు. ఎదుటివాళ్ళు నొచ్చుకోరు."

"నొచ్చుకోకపోతే ఆపుతారా అమ్మా?"

"ఎందుకాపరు?"

పిల్ల నవ్వుతూ అంది. తల్లి పెదవి విరిస్తే మళ్ళీ అంది. చివరికి తల్లి ముచ్చటపడి బుగ్గ పుణికింది.

అప్పుడే వీధిలో హారన్ మోగింది. కారు పెదనాన్న వచ్చాడు. చుట్టమేమీ కాదు, తండ్రి పనిచేసే ప్రెస్సులో మేనేజరు. అంతకుముందున్న ప్రెస్సు మూతపడి తండ్రి రోడ్డున పడితే, పిలిచి పని ఇచ్చిన మనిషి. బడి తన దారిలోనే కదా అని పిల్లని దింపుతానన్నాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఆయన మాట వేదం.

"ఆయన్ని నిలబెట్టకండి!" అని తండ్రి లోపలినుంచి కేకేశాడు.

తల్లి వేళ్ళ కింద పిల్ల మెడ కొయ్యలా బిగుసుకుంది.

"జడ బిగుతైందా?"

"ఊఁ" అని పిల్ల సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత రోజుల్లో పిల్లకి పొద్దున్నే కడుపునొప్పి రావడం మొదలైంది. ఆదివారాలు మాత్రం రాదు. నడిచి వెళ్తానని పేచీ పెట్టింది. అంత మంచి కారుండగా నడకేమిటని తండ్రి నవ్వేశాడు. తల్లి ఆ వయసే అంత అనుకుంది. హోంవర్కు మాత్రం పిల్ల మానలేదు. అయితే ఇప్పుడు గట్టిగా అనడం లేదు. అమ్మ నేర్పినట్టు నవ్వుతూ, చిన్నగా అంటోంది. పక్కగదిలోకి అసలు వినపడటం లేదు.

ఒకనాడు తల్లి ఆస్పత్రికి పోవలసిన బస్సు రాలేదు. ఆలస్యమవుతుందని తనూ కారెక్కింది.

"ఓహో, ఇవాళ మీరు కూడానా?" అన్నాడు కారు పెదనాన్న. నవ్వాడు గానీ ఆ నవ్వు రావడానికి కొంత సమయం పట్టింది.

పిల్ల వెనకసీటు తలుపు పట్టుకుంది. "నీ చోటు ముందు కదే బంగారం" అన్నాడాయన. పిల్ల ముందు కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకోలేదు. తనకీ ఆయనకీ మధ్య గోడలా నిలబెట్టి, రెండు చేతులా పట్టుకుంది.

"ఇదెందుకే అడ్డం? రోజూ చెప్తానా!" అంటూ ఆయన ఆ సంచీని లాగి వెనక్కి పడేశాడు. అది వచ్చి తల్లి ఒళ్ళో పడింది. బడి వైపు తిరగవలసిన మలుపు దాటి కారు తిన్నగా పోతోంది.

"ఇటెందుకండీ?"

"అటు రద్దీ అమ్మా. ఇటైతే మనుషులుండరు, హాయిగా పోవచ్చు."

"పెదనాన్నా, కొంచెం పక్కకి ఆపుతారా?" అంది పిల్ల.

"ఎందుకే? బడి రాందే!" అని ఆయన నవ్వుతూనే పిల్ల భుజం మీద చెయ్యి వేశాడు. కారు ఆగలేదు.

పిల్ల మళ్ళీ అడిగింది. తల్లి కారు అద్దంలో కూతురి మొహం చూసింది. నవ్వుతోంది. తాను దగ్గరుండి దిద్దిన నవ్వే. కళ్ళలో మాత్రం జీవం లేదు. కడుపునొప్పులూ, నడకలూ, బిగుసుకున్న మెడా ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"చెయ్యి తియ్! బండి ఆపు!"

కౌంటర్లో ఎన్నడూ రాని గొంతు అది. ఆయన బ్రేకు మీద కాలు వేసేశాడు. తల్లి దిగి, ముందు తలుపు లాగి, పిల్లని దింపుకుంది. "మీరు పొరబడుతున్నారమ్మా, దాన్ని కూతురిలా..." అంటూంటే తలుపు ధడాలున వేసింది.

"ఎందుకు చెప్పలేదే నాకు?" అంటూ రోడ్డు పక్కనే పిల్లని కావలించుకుని భోరుమంది.

"రోజూ చెప్పానమ్మా. నువ్వు జడ వేస్తూ విన్నావు" అంది పిల్ల.

తల్లి పిల్లని పొదివి పట్టుకుని ఇంటిదారి పట్టింది.

కబురందుకుని తండ్రి ప్రెస్సు నుంచి ఇంటికొచ్చాడు. అంతా విని, "ఆయన అలాంటివాడు కాదే. నువ్వేదో..." అని మొదలుపెట్టాడు.

"నేను కళ్ళారా చూశాను. నీ ఉద్యోగం పోతే పోనీ. దాన్ని మాత్రం ఒక్క ప్రశ్న వెయ్యకు."

తండ్రి కూతురి వైపు చూశాడు. పిల్ల నాన్నకి దూరంగా, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తన ఇంట్లో తన పిల్ల తనకి కూడా భయపడుతోంది. ఆయన నేల మీద కూలబడ్డాడు.

"పోయిన వారం నువ్వు కారెక్కనని మొండికేస్తే, చెయ్యి పట్టి ఎక్కించింది నేనే కదమ్మా" అని తల బాదుకుని ఏడ్చాడు. పిల్ల గోడ వదిలి, మెల్లగా వచ్చి నాన్న పక్కన కూర్చుంది.

తల్లి బుధవారం అక్కకి ఫోన్ చేసింది. ఆమె బ్యాంకు నుంచి నేరుగా వస్తానంది. పోలీసు స్టేషన్‌కి తోడుంటానంది.

"అక్కడ మేం మాట్లాడతాం. నువ్వు పక్కన కూర్చుంటే చాలు" అన్నాడు తండ్రి కళ్ళు తుడుచుకుంటూ.

"వద్దు నాన్నా. నేనే చెప్తాను" అంది పిల్ల.

మెల్లగా చెప్పు తల్లీ అనబోయింది తల్లి. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటని మింగేసి, కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మం దాటింది.