పాలలో వెలిగిన రంగు

నిరోషకు అన్నింటికన్నా పెద్ద భయం, పాప తనను మరిచిపోతుందేమోనని. పక్షం రోజులుగా ఎల్లారెడ్డిలో వాటర్ ప్లాంట్ పక్క గదిలో బీడీలు చుట్టే ఒంటరి మనిషి వేషంలో ఉంటోంది. చంటిపాప కామారెడ్డిలో అవ్వ దగ్గర ఉంది. పాలు పిండి పారబోసిన ప్రతిసారీ ఏజెంట్ నిరోష కళ్లు మసకబారేవి.

పొద్దున్నే చీఫ్ అబ్రాహాము ఫోన్.

“విదేశీ ముఠా పని మొదలుపెట్టింది. ఫ్లోరిన్ ఎక్కించిన డై. ఒంట్లకు పోతే కణాల పొరల్ల, మెంబ్రేన్లల్ల, దిగబడ్తది. ఎండ తగిలిందంటే కణం కాలిపోతది. మామూలు రంగయితే ఎండకు వెలిసిపోతది. ఇది పోదు.”

“టార్గెట్?”

“నిజాంసాగర్ గెస్ట్‌హౌస్‌ల దిగిన మన సైంటిస్టులు. ఒక్క వాటర్ క్యాన్ల కలిపిండ్రు. చప్పుడు గాకుండ మార్చాలె. ముఠాకు అనుమానమొస్తే రుక్సానా బతుకది.”

రుక్సానా ప్లాంట్ నుంచి క్యాన్లు పంపే మనిషి. నల్లకళ్లద్దాలు, అత్తరు, ముఠా ఇచ్చే జీతం. వార్తలు మాత్రం మనకు. ఊళ్లో నిరోషతో నవ్వుతూ మాట్లాడేది ఆమె ఒక్కతే.

“ఎర్రదారం కట్టిన క్యాన్ అక్కా,” అని గుసగుసగా చెప్పి వెళ్లిపోయింది రుక్సానా.

గెస్ట్‌హౌస్‌కు పోయే ట్రాలీ ఆటోలో ఏ క్యాన్‌కూ ఎర్రదారం లేదు.

“దారమా? నేనే తెంపిన అక్కా,” అన్నాడు డ్రైవర్ రాజలింగు. “శనివారం గదా, ఆటోకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టిన. ఏ క్యాన్ అయితేంది, నీళ్లు నీళ్లే! చాయ్ తాగొస్త, జర చూస్తుండు.”

నిరోష పరదా కిందికి దూరి యూవీ టార్చ్ వేసింది. ఏ క్యాన్ చూసినా ఒకేలా ఉంది. ఉత్త నీళ్లలో ఆ డై మెరవదు; పొర దొరికితేనే మెరుస్తుంది. ఇక్కడ పొర ఎక్కడిది?

రొమ్ములు సలిపాయి. పాలు! పాలలో తేలే ప్రతి వెన్నబొట్టు చుట్టూ పొర ఉంటుంది.

ఒక్కో క్యాన్ నుంచి గ్లాసులోకి కాసిన్ని నీళ్లు, అందులో పాలచుక్కలు, పైన టార్చ్. చీకటి. మళ్లీ చీకటి. బయట రాజలింగు దగ్గు వినిపించింది. తర్వాతి గ్లాసు పచ్చగా భగ్గుమంది.

గదిలోంచి తన నిండు క్యాన్ తెచ్చిపెట్టి, ఆ డై క్యాన్‌ను దించేసరికి ఆటో స్టార్టయింది.

“ఏందక్కా మోస్తున్నవ్?”

“నా క్యాన్ల పాచి వాసనొస్తుందన్నా. మార్చుకున్న.”

“సార్లకు పాచి నీళ్లా!” నవ్వాడు రాజలింగు. “సరే పో, పెద్దోళ్లకు ఏం తెలుస్తది!”

విషపు క్యాన్ నల్లగుడ్డ చుట్టుకొని ల్యాబ్‌కు పోయింది. సైంటిస్టులు ఎండలో డ్యాం మీద తిరిగి, ఫొటోలు దిగారు. తమ డై పనిచేయలేదని ముఠా తనను తానే తిట్టుకుంది. పెద్ద తలకాయ దొరికేదాకా రుక్సానా అక్కడే ఉండాలని ఆర్డరు.

కామారెడ్డిలో పాప కాసేపు కొత్తమనిషిని చూసినట్టు చూసి, ఆ తర్వాతే ఒడిలోకి ఒరిగింది.

నిరోష ఇక ఎల్లారెడ్డి పోకూడదు, ఫోన్ చేయకూడదు. మీరు అటువైపు వెళ్తే వాటర్ ప్లాంట్ దగ్గర ఆగి, రుక్సానా ఎట్లా ఉందో ఒకసారి చూసి రండి. బాగానే ఉన్న అంటుంది. నమ్మకండి; అబద్ధాలాడటమే ఆమె ఉద్యోగం.