నాలుగూ పదికి ఒక సవరణ

“టార్గెట్ తెలీదు. టైమ్ మాత్రం తెలిసింది. ఇవాళ నాలుగూ పది,” అన్నాడు చీఫ్. “ఎల్లారెడ్డిలో దివాకర్ అనే రిటైర్డ్ లెక్చరర్ ఇంట్లో విప్లవ మేధావుల మీటింగ్. వెనకున్నది విదేశీ ముఠా. మధ్యలో మన ఆఫీసర్ సంజన ఉంది. ఆమె మనవైపో, వాళ్లవైపో ఇక నువ్వే తేల్చాలి.”

మూడున్నరకి ఏజెంట్ దేవీసింగ్ అతికించిన గడ్డంతో, బీర్కూర్ డెలిగేట్‌గా దివాకర్ గుమ్మం ఎక్కాడు. కోడ్ వర్డ్ చెప్పాడు. పావుగంటలో గడ్డం ఊడింది. పీకింది సంజనే. చేనేత చీర, ఖరీదైన సెంటు, చేతిలో పిస్టల్. ఆమె ఎటువైపో తేలిపోయింది.

అతని ఫోన్ లాక్కుని బల్ల మీద పెట్టారు.

“మా దేవీసింగే!” దివాకర్ కళ్లజోడు సర్దుకున్నాడు. “నా క్లాసుల ఆఖరి బెంచి.”

దివాకర్ చేతిలో రిమోట్ ఉంది. అది నొక్కితే భిక్నూర్ దగ్గర రైలు బ్రిడ్జి పేలుతుంది. ఆ టైముకి వచ్చేది ఆయుధాల గూడ్సనీ, డ్రైవర్ ముందే దూకేస్తాడనీ సంజన అక్కడి మేధావులకు నమ్మబలికింది.

దేవీసింగ్‌కి అసలు సంగతి తెలుసు. ఆ టైముకి బ్రిడ్జి దాటేది ముంబై రైలు. దుబాయ్ పోతున్న అతని తమ్ముడు మోత్యా అందులోనే ఉన్నాడు. రిమోట్‌ని అడ్డుకునే జామర్ వాచీలో ఉంది, నొక్కాడు. బ్యాటరీ లేదు. ప్రభుత్వ సరఫరా మరి.

“సార్, అది గూడ్సు కాదు! అండ్ల కూలీలున్నరు. నా తమ్ముడున్నడు!”

“రాజ్యం గిట్లనే అబద్ధాలు చెప్తది,” అన్నాడు దివాకర్ జాలిగా.

“మరి ఈమెనెట్ల నమ్మిన్రు?”

“ముప్పయ్యేండ్లు పాఠం చెప్పిన. ఒక్కడు వినలే. ఈమె నా వ్యాసాలన్నీ చదివింది దేవీ. ప్రశ్నలడిగింది.”

నాలుగూ మూడు. ఇంత చదివినవాళ్లకి నిజం ఎక్కదేమిటని దేవీసింగ్‌కి ఏడుపొచ్చింది. మరి ఏది ఎక్కుతుంది? ఒక్క ప్రశ్న మీద ఈ దివాకర్ సారే క్లాసులో గంట కొట్టింది కూడా వినకుండా వాదించిన రోజు గుర్తొచ్చింది.

బల్ల మీది తీర్మానం చూసి చెయ్యెత్తాడు. “తీర్మానానికి సవరణ! పల్లెల్ల భూస్వామ్యమే ఉన్నదని రాసిన్రు. బీర్కూర్ల ట్రాక్టర్ కిరాయికిచ్చేటోడు భూస్వామా, పెట్టుబడిదారా?”

కుర్చీలన్నీ అతని వైపు జరిగాయి.

“పెట్టుబడిదారే,” అన్నాడు కవి హన్మంతు.

“డ్రైవర్ వాని పాలేరు కాదా? భూస్వామే!” ప్లీడర్ అబ్రాహాము లేచి నిలబడ్డాడు.

“టైమవుతోంది, నొక్కండి!” అరిచింది సంజన.

“సవరణ తేలకుండ ఎట్ల నొక్కుతమమ్మా?” అని కసిరి, రిమోటున్న చెయ్యే ఊపుతూ దివాకర్ పాఠం మొదలుపెట్టాడు.

నాలుగూ తొమ్మిదికి పిస్టల్ దివాకర్ వైపు తిరిగింది. దేవీసింగ్ దూకి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. తూటా పుస్తకాల బీరువాలో దిగింది. ఇద్దరూ నేల మీద పెనుగులాడుతుండగానే నాలుగూ పది దాటింది. బల్ల మీద దేవీసింగ్ ఫోన్ మోగింది. దివాకరే ఎత్తి స్పీకర్ పెట్టాడు.

“అన్నా, మోత్యాని. భిక్నూర్ బ్రిడ్జి దాటినం. ఇల్లు యాదికొచ్చి చేసిన. బోగీ నిండ మనోళ్లే, కూసోనీకి జాగ లేదు.”

దివాకర్ చేతిలోంచి రిమోట్ జారింది. దేవీసింగ్ సంజన చేతులకు బేడీలు వేసి, గోడకానుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

కామారెడ్డి నుంచి వచ్చిన పోలీసులు అందర్నీ వ్యాన్ ఎక్కించారు. మూలనుంచి హన్మంతు మెల్లగా అడిగాడు.

“అయితే సవరణ నెగ్గినట్టేనా?”