పై వాటాలో నడక

ఆ వీధి చివరి మేడ మంచిది కాదని అందరూ అనేవాళ్లు. పై వాటాలో అద్దెకు దిగినవాళ్లెవరూ నిలవలేదట. సామాను సర్దుకుని పోతున్నవాళ్లను కారణం అడిగితే... "గాలి సరిగ్గా రాదండీ" అంటూ చూపు తప్పించేవాళ్లు.

కింద వాటాలో ఉండే కళ్లద్దాల షాపాయన మాత్రం ఇవన్నీ కొట్టిపారేసేవాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషి, తన సొంత ఇంట్లో దెయ్యాన్ని ఒప్పుకుంటాడా?

ఒప్పుకున్నది ఆయన భార్య.

"ఏమండీ... పైన ఎవరో నడుస్తున్నారు."

"ఎవరూ లేరు. తాళం నా దగ్గరే ఉంది."

"తాళం మీ దగ్గరుంది. నడక పైనుంది. ఒక్కసారి వినండి..."

ఆయన వినలేదు. దిండు తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

ఆవిడ అరవలేదు, ఏడవలేదు, లైబ్రరీలో ఉద్యోగానికి రోజూ వేళకే వెళ్లింది. కానీ ఈ మాట పక్కింటావిడతో అనేసింది. పరువు వీధిన పడ్డాక షాపాయన ఊరుకుంటాడా! "నీరసంగా ఉన్నావు, డాక్టరుకు చూపిద్దాం" అని కారెక్కించి, తీసుకెళ్లి మానసిక ఆసుపత్రిలో దింపాడు.

అక్కడి డాక్టరు మహా చురుకైనవాడు. టీ చల్లారేలోపు జబ్బు తేల్చేశాడు.

"నాకేం పిచ్చి లేదండీ," అందావిడ.

"చూశారా?" అన్నాడు డాక్టరు భర్తతో. "ఒప్పుకోవడం లేదు. బాగా ముదిరింది."

భర్త సంతకం సరిపోయింది. ఆవిడ ఇష్టమేమిటని అడిగిన నాథుడు లేడు. ఫోను లాక్కుని, గదికి బయటినుంచి గడియ పెట్టారు.

ఆ రాత్రి షాపాయన హాయిగా కాళ్లు చాపుకుని పడుకున్నాడు.

టక్... టక్... టక్...

లేచి కూర్చున్నాడు. పిల్లి అనుకున్నాడు. పిల్లి చెప్పులేసుకుని తిరగదు కదా! ఆ చివర నుంచి ఈ చివరకి... కాసేపు ఆగి... మళ్లీ వెనక్కి. చివరికి వచ్చి ఆగింది — సరిగ్గా ఆయన మంచానికి పైన.

ఎవరితో చెప్పుకుంటాడు? ఆ మాట అన్నవాళ్లకు ఏ గతి పడుతుందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు! పగలంతా నోరు కుట్టేసుకుని షాపులో కూర్చునేవాడు. రాత్రయితే లైట్లన్నీ వేసుకుని, దుప్పటి ముసుగులో చెమటలు కక్కేవాడు.

ఈలోగా ఆవిడ చెల్లెలు ఊరుకోలేదు. అక్కను బలవంతంగా బంధించారని, మానసిక ఆసుపత్రుల మీద ఫిర్యాదులు వినే విచారణ బోర్డుకు మొరపెట్టుకుంది. బోర్డు పెద్ద ఒక రిటైర్డ్ జడ్జి, ముసలావిడ. ఆసుపత్రికే వచ్చి అందరినీ ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఈవిడ ఎవరినైనా కొట్టిందా? తన ప్రాణం తీసుకోబోయిందా?"

"లేదండీ," డాక్టరు గొణిగాడు. "లేని చప్పుడు వింటుంది."

"లేదని మీకెలా తెలుసు? వెళ్లి విన్నారా?"

డాక్టరు టై సర్దుకున్నాడు. జడ్జి షాపాయన వైపు తిరిగింది.

"మీరు చెప్పండి. పైన నడక ఉందా?"

లేదంటే భార్య ఇక్కడే ఉంటుంది, తను అక్కడ ఒంటరిగా... ఉందంటే — తలుపు దగ్గర కండలు తిరిగిన వార్డు బాయ్‌లు నిలబడి ఉన్నారు. రెండు భయాల్లోనూ మేడ మీదిదే నెగ్గింది.

"ఉందండీ..." అన్నాడు గుసగుసగా. "నేనూ వింటున్నాను."

డాక్టరు చటుక్కున కలం తీశాడు.

"జేబులో పెట్టుకోండి," అంది జడ్జి. "చప్పుడు విన్నంత మాత్రాన మనిషిని బంధించడానికి వీల్లేదు. ఆవిడను పంపించండి."

గేటు బయట షాపాయన భార్య చేతిలోని సంచి అందుకోబోయాడు. "పద, ఇంటికెళ్దాం. నాకు... రాత్రిళ్లు..."

ఆవిడ సంచి వదల్లేదు. "నేను చెల్లెలి దగ్గరికి వెళ్తున్నానండీ."

"మరి నేను?"

"భయపడకండి. ఇన్నాళ్లూ మనల్ని ఏమీ అనలేదుగా. పైనే తిరుగుతుంది, కిందికి రాదు." ఆ గొంతులో వెటకారం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఆ రాత్రి చెవులు రిక్కించి పడుకున్నాడు. పైన ఏ చప్పుడూ లేదు. చాలాసేపు... లేదు. పీడ వదిలిందనుకుని దుప్పటి తీసి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

టక్...

మేడ మీద కాదు. మెట్ల మీద.