రెండూ ఉంచు

శాలిబండల మా ఆఫీసు ఎట్లుంటదో చెప్తే నవ్వుతరు. కింద పెండ్లి బ్యాండోళ్ల దుకాణం, పైన సర్కారు కంప్యూటర్లు. వాళ్లు పొద్దంతా బాకాలు ఊదుకుంట ప్రాక్టీసు చేస్తరు, మేము తలకాయ పట్టుకొని పని చేస్తం. నా పేరు అంజన్. కాంట్రాక్టు ఆపరేటర్‌ను. ఏ ఇంట్ల ఎవరున్నరు, ఎవరు పుట్టిన్రు, ఎవరు పోయిన్రు అనే సర్కారు రికార్డులన్నీ పాత సర్వర్ నుంచి క్లౌడ్‌కు ఎక్కించుడు నా పని. అన్నీ ఎక్కినంక ఆ పాత సర్వర్‌ను బంద్ చేసి తుక్కుకు పంపుతరు.

కొన్ని ఇండ్లకు రెండు కాపీలుంటయి. దిద్దకముందుది ఒకటి, దిద్దినంక ఒకటి. అట్లాంటిది వస్తే స్క్రీన్ ఆగి అడుగుతది. పాతది ఉంచాల్నా, కొత్తది ఉంచాల్నా, రెండూ ఉంచాల్నా?

"ఏం ఆలోచించకు, కొత్తది కొట్టు," అని మా వైకుంఠం సార్ మొదటి రోజే చెప్పిండు. "రెండూ అని కొట్టినవనుకో, ఒక్క ఇల్లు రెండు ఇండ్లయితది. ఆ లొల్లి నా మెడకు చుట్టకు."

నాకేం ఫికర్? కొడుతనే ఉన్న. ఆఖరి రోజు జూన్ మొదటి వాన పట్టుకుంది. పగటిపూటే లైట్లు వేసుకున్నం. గోడలకెళ్లి తడి సున్నం వాసన వస్తుంది. సాయంత్రానికి మా బస్తీ జహనుమా ఇండ్ల రికార్డులు తెరిచిన. వాటిల్ల మా ఇల్లు వచ్చింది.

కొత్త కాపీల మా అమ్మ కాశమ్మ, నేను, నా బిడ్డ నందిని. ఇంద్రజ పేరు పక్కన 'మరణం'. పాత కాపీల నందిని లేదు. ఇంద్రజ ఉన్నది. 'గర్భిణి, నెలలు నిండినవి' అని ఉన్నది.

ఇంద్రజ నా భార్య. నిరుడు కాన్పుల పోయింది. పిల్ల దక్కింది, తల్లి దక్కలేదు. బతికున్న ఆ పేరును నా చేతులతోని నేనే తుడవాల్నా? నాతోని కాలేదు. ఏడుపొచ్చింది. సార్ చాయ్ తాగనీకి కిందికి పోయిండు. అటిటు చూసి, 'రెండూ ఉంచు' అని కొట్టిన.

షేర్ ఆటోల జహనుమా చేరేసరికి పొద్దుగూకి మసీదుల మగ్రిబ్ అజాఁ అయితుంది. మా గల్లీల కరెంటు లేదు. మోరీలు పొంగి నీళ్లు నల్లగ పారుతున్నయి. మా ఇంటి తలుపు దగ్గరికేసి ఉంది. నూకిన. లోపల నుంచి చింతచిగురు వేగుతున్న వాసన వచ్చింది. మా అమ్మకు చింతచిగురు పడదు. మా ఇంట్ల అది వండేది ఇంద్రజ ఒక్కతే.

అమ్మ దీపం ముందట కూసుండి బియ్యం ఏరుతుంది.

"అమ్మా... వంటింట్ల ఎవరే?"

"ఎవరుంటరు రా? నీ పెండ్లాం. నిండు మనిషివి, జర కూసోవే అంటే ఇంటదా?"

ఉయ్యాల దిక్కు చూసిన. దూలానికి ఉయ్యాల లేదు. పాల సీసా లేదు. దండెం మీద చిన్న గౌన్లు లేవు.

"నందిని ఏది?"

"నందిని ఎవరు రా?" అన్నది అమ్మ. పుట్టిన నాటి నుంచి ఆ పిల్లను చంక దించని అమ్మ.

అప్పుడు ఇనబడ్డది. నా బిడ్డ ఏడుపు నాకు తెల్వదా? గదే గొంతు. కానీ మస్తు సన్నగ... దుప్పట్ల మూటగట్టినట్టు. మంచం కింద చూసిన. లేదు. బీరువా వెనక చూసిన. లేదు. వంటింటి దిక్కు నడుస్తుంటే ఏడుపు దగ్గరయింది.

ఇంద్రజ పొయ్యి కాడ నిలబడ్డది. అటు మొఖం పెట్టి ఉన్నది. తడి జుట్టు వీపు నిండ పరుచుకున్నది. మెల్లగ నా దిక్కు తిరిగింది. రెండు చేతులతోని కడుపును ఒత్తిపట్టుకున్నది.

ఏడుపు ఆ కడుపుల నుంచి వస్తుంది.

"ఇంటున్నవా?" అన్నది గుసగుసగ. "రోజూ గిట్లనే ఏడుస్తది. బయటికి వస్తనంటది. నేనే రానిస్తలేను. అది వస్తే నేను పోత కద..."

నేను భయపడ్డ మాట నిజం. ఆ చెయ్యి ఒక్కసారి పట్టుకోవాలనిపించిన మాట కూడ నిజం. దేవుని తోడు, ఆమె మీద ప్రేమ, పావురం ఇంకా సావలేదు. కానీ లోపల ఏడుపు తెగి తెగి వస్తుంది. పిల్లకు ఊపిరాడుతలేదు.

వాకిట్లకు ఉరికి సార్‌కు ఫోన్ కొట్టిన.

"సార్... మా ఇంటిది రెండూ అని కొట్టిన. పాతది తీసెయ్యుండ్రి. మీ కాళ్లు మొక్కుత, జల్ది..."

"పాగల్ అయినవా? సర్వర్ బంద్ చేస్తున్నం... ఆగు. దొరికింది. తీసేస్తే మళ్ల రాదు అంజన్. పక్కా కద?"

నా మెడ వెనక తడి వెంట్రుకలు తగిలినయి.

"ఎవరిని తీసెయ్యమంటున్నవ్?"

నేను తిరగలేదు.

"నా మొఖం చూసి చెప్పు..."

"తీసెయ్యుండ్రి సార్," అన్న. నన్ను మాఫ్ చెయ్యి ఇంద్రజా అని ఒక్క మాట... గది కూడ నోట్లకెళ్లి రాలేదు.

కరెంటు వచ్చింది. వాకిట్ల నేనొక్కన్నే ఉన్న. లోపలికి ఉరికిన. దూలానికి ఉయ్యాల ఉన్నది. దాంట్ల నందిని. కండ్లు తెరుచుకొని, చేతులు ఆడిచ్చుకుంట ఉన్నది. ఎత్తుకొని గుండెకు ఒత్తుకున్న. వెచ్చగున్నది. నా బిడ్డ నాకు దక్కింది. ఏడ్చుకుంట, నవ్వుకుంట పిచ్చోని లెక్క ముద్దులు పెట్టిన. ఫోన్‌ల సార్ ఇంకా మాట్లాడుతనే ఉన్నడు. తీసేసిండంట, ఇప్పుడు ఒక్కటే ఉన్నదంట.

పక్క అర్రల నుంచి అమ్మ కేకేసింది.

"అంజన్, నందినిని ఎత్తుకో రా. గంతసేపు ఏడిపిస్తరా పిల్లను?"

చూసిన. నందిని నా భుజం మీద ఉన్నది. నోరు మూసుకొని, నన్నే చూస్తుంది. దాని జుట్టు తడిగున్నది.

ఏడుపు వంటింట్ల నుంచి వస్తుంది.